బీడులో నాలుగో లెక్క

కంబదూరు దాటి నాలుగు కిలోమీటర్లు పోతే గొర్రెలు మేసే బీడు వస్తుంది. మిట్టమధ్యాహ్నం అనుపమ అక్కడ ఆటో దిగింది. అనంతపురంలో కాలేజీ లెక్చరర్ ఆమె. యుద్ధాల్లో కృత్రిమ మేధ వాడకం మీద రెండేళ్లుగా పరిశోధన చేస్తోంది. సెమినార్లలో గట్టిగా వాదించింది గానీ, మనిషి చచ్చిన చోటుకు రావడం ఇదే మొదలు.

సరిహద్దు గస్తీ కోసం తయారైన, పేలుడు మందు మోసే డ్రోన్‌ను కిందటేడు ఒక కంపెనీ ఈ బీడులోనే పరీక్షించింది. గొర్రెలు కాసే లింగన్న భుజాన కర్ర వేసుకుని నిలబడి ఉన్నాడు. యంత్రం ఆ కర్రను తుపాకీ అనుకుంది. దూసుకొచ్చి అతని మీద పడి పేలింది.

అతని పెండ్లాం బయమ్మే ఇప్పుడు మందను కాస్తోంది.

"ఆ పొద్దు గొంతు చించుకొని అరిసినా మేడమ్. దానికి యాడ ఇనపడతాది?" అంది.

ఆ యంత్రానికి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పిన ఇంజనీరు కార్తికేయ. ఉద్యోగం మానేసినాక, తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తానని తనే వచ్చాడు. బండ మీద ల్యాప్‌టాప్ పెట్టి, అదే ప్రోగ్రాం ఎక్కించిన చిన్న డ్రోన్‌ను పైకి లేపాడు. తెర మీద ముగ్గురూ కనబడ్డారు. ఒక్కొక్కరి చుట్టూ పచ్చటి చట్రం. మూలన అంకె.

మనుషులు: 4.

ఎండకు ఉడికిన మట్టి వాసన. గాలి లేదు. నెత్తిన డ్రోన్ రొద ఒక్కటే.

నాలుగో చట్రం మంద మధ్యలో ఉంది. అందులో ఉత్త నేల... చూస్తుండగానే అది ఎర్రబడింది. కింద అక్షరాలు పడ్డాయి. ఆయుధం.

అనుపమ తలెత్తి చూసింది. గొర్రెలు అక్కడ మనిషంత జాగా వదిలి నిలబడి ఉన్నాయి.

"ఎవరక్కా ఆడ?" గుసగుసగా అడిగింది.

"పలకరించొద్దు మేడమ్." బయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దినామూ ఈ యాళకే వస్తాడు."

ఎర్ర చట్రం కదిలింది. గొర్రెలు పక్కకు జరిగాయి. ఒకటి... ఇంకొకటి...

ఈ చావు మీద తను రాసిన వ్యాసంలో లింగన్న పేరే లేదని అనుపమకు అప్పుడు గుర్తొచ్చింది. 'గుర్తింపులో పొరపాటు' అని మాత్రం రాసింది.

"కిందికి దించు, కార్తికేయా!"

"దించుతూనే ఉన్నా మేడమ్... దిగట్లేదు."

మండుటెండలో ఆమె మెడ వెనక చల్లగా తగిలింది. ఎవరో ఊపిరి వదిలినట్టు...

అంకె మారింది. మనుషులు: 3.

"హమ్మయ్య, సరిపోయింది," అన్నాడు కార్తికేయ, నుదురు తుడుచుకుంటూ.

అనుపమ తెర వైపు వంగింది. కార్తికేయ చుట్టూ ఒక చట్రం. బయమ్మ చుట్టూ ఒకటి. మూడోది అనుపమ వెనక, ఖాళీ నేల మీద. ఇప్పుడు అదీ పచ్చగానే ఉంది.

చెయ్యి పైకెత్తింది. తెర మీద ఆమె బొమ్మ కూడా చెయ్యెత్తింది.

దాని చుట్టూ ఏ చట్రమూ లేదు.