కాచికి మిగలని పండు

“నిన్న బూసాన్ రేవులో మన మనిషిని లేపేశారు. తర్వాతి టార్గెట్ ప్రొఫెసర్ ప్యో,” అన్నాడు చీఫ్ బాంగ్. “ఆ ముఠా కోడ్ విప్పే కీ ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. సంగ్జు దగ్గర సేఫ్ హౌస్‌లో ఉన్నాడు. ప్రాణాలతో తీసుకురా.”

“ఇంట్లో ఎవరున్నారు సార్?”

“సెరిన్. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్ల. కొత్తగా చేరింది, నేనింకా చూడలేదు. కోడ్ ప్రశ్న నీ కోడ్ పేరు గురించే.”

ఏజెంట్ సోక్ కోడ్ పేరు కాచి. కాకికి దగ్గర చుట్టం, పొడుగు తోక పిట్ట. పొద్దున్నే ఇంటి ముందు అరిస్తే చుట్టం వస్తాడంటారు. సోక్ ఇన్నేళ్లలో ఎందరినో ఇళ్లకు చేర్చాడు. అతని కోసం మాత్రం ఏ ఇల్లూ ఎదురుచూడలేదు.

మర్నాడు పొద్దున పళ్ల వ్యాపారి వేషంలో గేటు తట్టాడు. తలుపు తీసినామె అందానికి ఒక్క క్షణం తడబడ్డాడు.

“కాచికి ఆ పేరెలా వచ్చిందమ్మా?”

“కక్ కక్ అని అరుస్తుందిగా, ఆ అరుపే పేరైంది. అర్థం అడిగితే, చుట్టం వస్తున్నాడని.”

కోడ్ జవాబు అక్షరం పొల్లుపోలేదు.

“లోపలికి రండి. మిమ్మల్ని చూస్తే, కూర్చోబెట్టి అన్నం పెట్టినవాళ్లు ఉన్నట్టు లేదు,” అంది.

ఆ మాట సోక్‌కి ఎక్కడో తగిలింది. నమ్మాలనిపించింది.

వసారాలో చెక్కు తీసిన పెర్సిమన్ పళ్లు ఎండడానికి దండలుగా వేలాడుతున్నాయి.

“నేను ఇక్కడికి వచ్చేసరికే ఒక్కతే అన్నీ కోసేసిందయ్యా, గట్టి పిల్ల,” అన్నాడు ప్రొఫెసర్.

“చెట్టు మీద ఒక్కటీ వదల్లేదు,” నవ్వుతూ ఆయన ముందు దాల్చినచెక్క పానకం పెట్టింది సెరిన్.

సోక్ కిటికీలోంచి చూశాడు. చిటారు కొమ్మ కూడా బోసిగా ఉంది. ఈ ఊళ్లో ఎంత పిసినారైనా పై కొమ్మన నాలుగు పళ్లు వదిలేస్తాడు. వాటినే కాచి బువ్వ అంటారు. పిట్ట పేరు పుట్టుక బట్టీ పట్టింది గానీ, దానికి బువ్వ వదలాలని ఈమెకు ఎవరూ చెప్పలేదు.

ప్రొఫెసర్ గిన్నె పెదవులకు ఆనించాడు. సోక్ చెయ్యి విసిరాడు. గిన్నె గోడకు తగిలి పగిలింది.

ఆమె చేతిలోకి లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న తుపాకీ వచ్చింది. అది పేలేలోపు సోక్ ఆమె మణికట్టు విరిచిపట్టి, పోలీసులను పిలిచే తన వాచీ బటన్ నొక్కాడు.

“అసలు సెరిన్ ఎక్కడ?”

“వెనక గదిలో. మత్తులో ఉంది,” అంది పళ్లు బిగించి. “నేనెక్కడ తప్పాను?”

“పళ్లు మరీ బాగా కోశారు.”

ఆమె చేతులు కట్టేసి, దండలోంచి ఒక పండు తీసి గోడ మీద పెట్టాడు. కాసేపటికి కాచి వచ్చి వాలింది. తిని, గట్టిగా అరిచింది. సోక్ ఆశగా గేటు వైపు చూశాడు.

పోలీసు వ్యాను ఆగింది.

“చుట్టాలు మీకేనండీ,” అన్నాడు ఆమెతో.