కోయనివ్వని సైకిలు

ఆదివారం పొద్దున కొట్టు తలుపులు సగమే తీసి, అత్తగారు మేకుల డబ్బాలు సర్దుకుంటోంది. ఇంటి ముందు గదిలోనే ఆమె ఇనుప సామాన్ల కొట్టు. భర్త పోయాక ఆ కొట్టు మీదే కొడుకుని పెంచి పెద్ద చేసింది. ఆ కొడుకు కిందటి వేసవిలో, నలభై నిండకుండానే, నిద్రలో గుండె ఆగి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఆమె, కోడలు, వాడి రేసు సైకిలు. కోడలు రోజూ పొద్దున్నే ఆ సైకిలెక్కి కొండ దాకా వెళ్ళి వస్తుంది.

ఆ సైకిలు ఇవాళ వరండాలో తలకిందులుగా ఉంది. వెనక చక్రం దగ్గర ఫ్రేము పగిలిందని కోడలు ఫోన్ చేస్తే, కొడుకు స్నేహితులిద్దరు రెక్కలు కట్టుకుని వాలారు. ఒకాయనది బ్యాంకు ఉద్యోగం. రెండో అతన్ని అందరూ మిల్లీమీటరు అంటారు, నోరు తెరిస్తే అతనికి వచ్చేది అదే కాబట్టి.

"నా ఫ్రేములో ముప్పై రెండు టైరు వేసినా ఇంకా వేలు దూరుతుంది," అన్నాడు బ్యాంకాయన గొప్పగా.

"మీది బండరాయి కదండీ. ఇది కార్బన్ ఫ్రేము, ఈక. టైరు వెడల్పు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు దాటితే ఫ్రేముని రాసుకుంటుంది. వాడేమో ముప్పై వేసి కూర్చున్నాడు. చూడండి, గోరు కూడా పట్టని సందు!"

"వారంటీ ఉందిగా?"

"మొదట కొన్నవాళ్ళకే. వాడు లేడంటే వారంటీ కూడా లేనట్టే."

ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టుంది వీళ్ళ వరస. ఆ పగులు మీద వాళ్ళ సంబరం చూస్తుంటే అత్తగారికి ఒళ్ళు మండిపోయింది.

మిల్లీమీటరు గొంతు తగ్గించాడు. "వదినా, వాడి పేరుతోనే కంపెనీకి రాద్దాం. ఒప్పుకుంటే కొత్త ఫ్రేము ఇస్తారు. కాకపోతే పాతదాన్ని రంపంతో రెండు ముక్కలు చేసి ఫోటో పంపమంటారు. మళ్ళీ ఎవరూ ఎక్కకుండా."

అత్తగారు డబ్బా విసురుగా కింద పెట్టింది.

"ఏంటయ్యా? నా కొడుకు బతికే ఉన్నాడని రాస్తారా? రాసి, వాడి సైకిల్ని కోస్తారా?"

"అమ్మా, కొండ దిగుడులో అది విరిగిందంటే మనిషి దక్కదమ్మా."

"పగిలితే పగిలింది! గోడకి తగిలిస్తాను. రంపం పెట్టాలంటే ముందు నా మెడ మీద పెట్టండి, తర్వాత దాని మీద!"

స్నేహితులిద్దరూ పిల్లుల్లా జారుకున్నారు. కోడలు మాత్రం కంపెనీకి తనే రాసింది, ఉన్నది ఉన్నట్టు. మనిషి లేడని, సైకిలు తను తొక్కుతున్నానని. ఆ సంగతి తెలిసి అత్తగారు వారం రోజులు ముఖం మాడ్చుకుంది. "తిన్నావా" అంటే "తిన్నాను" తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు.

శనివారం జవాబు వచ్చింది. పట్టని టైరు వేశారు, రాపిడికి ఫ్రేము అరిగింది, పైగా కొన్న మనిషి వేరు, మా పూచీ లేదన్నారు. అత్తగారి నెత్తిన పాలు పోసినట్టయింది. వారంటీ లేకపోతే కోత కూడా లేదు. ఆ సాయంత్రం గోడకి కొట్టడానికి కొట్టులోంచి రెండు పెద్ద కొక్కేలు తీసి పక్కన పెట్టుకుంది.

మర్నాడు పంపు చప్పుడుకి మెలకువ వచ్చింది. వరండాలో కోడలు హెల్మెట్ పెట్టుకుని టైరుకి గాలి కొడుతోంది. పగులు మీద జిగురు పూసి, నల్ల టేపు చుట్టేసింది.

"ఎక్కడికమ్మాయ్?"

"కొండ దాకా. రోజూ వెళ్ళేదేగా."

"పగిలిందన్నారుగా!"

"అతికించాను."

"కొరివితో తల గోక్కుంటావా? టేపు ఆపుతుందా మనిషిని? గోడకి తగిలించమంటే..."

"గోడకి తగిలిస్తే అది సైకిలు కాదత్తయ్యా, ఫోటో. ఆయన ఫోటో ఒకటి ఉందిగా లోపల."

కోడలు సైకిలెక్కింది. మునివేళ్ళు కూడా నేలకి సరిగ్గా ఆనడం లేదు. అత్తగారు అది మొదటిసారి చూసింది.

"సీటు అంత ఎత్తుందేం?"

"ఆయన కొలత. దించలేదు."

"ఇన్నాళ్ళూ ఇలాగే తొక్కుతున్నావా?"

"నడుం లాగేస్తుంది. ఏం చెయ్యను? దించితే ఆయన కూర్చున్న చోటు కూడా పోతుంది." కోడలు పెడలు మీద కాలు పెట్టింది. "విరిగితే విరగనీండత్తయ్యా. నాకేం భయం లేదు."

అత్తగారికి అప్పుడు అర్థమైంది. ఇది ధైర్యం కాదు. బతుకు మీద ఆశ లేని మాట. దిగుడులో మనిషి దక్కదని వాళ్ళు నెత్తీ నోరూ బాదుకుంటే తన చెవికెక్కలేదు. సైకిలు దక్కితే చాలనుకుంది. పిల్ల ఏమైపోతోందో చూడనే లేదు.

ఆమె కొట్టులోకి వెళ్ళి, రంపానికి కొత్త బ్లేడు బిగించి తెచ్చింది.

"దిగు."

"అత్తయ్యా, వద్దు! మీరే కదా కోయొద్దని..."

"నేనే అన్నాను. ఇప్పుడు నేనే అంటున్నాను. దిగు!"

కోడల్ని రెక్క పట్టి దింపింది. సైకిల్ని గోడకి ఆనించి, టేపు చుట్టిన చోటే రంపం పెట్టింది. ఇనుప గొట్టం కొయ్యడం ఆమెకు కొత్త కాదు, పొద్దెక్కేదాకా పడుతుందనుకుంది. నాలుగు లాగులకే సగం దిగిపోయింది. నల్లటి పొడి రాలింది. పైన పలచటి పెంకు, లోపల అంతా డొల్ల, ఎండు సొరకాయలాగా.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇంతేనా? ఇంత డొల్లదాని మీదా నిన్ను రోజూ పంపింది?"

రంపం పట్టుకునే కూలబడి ఏడ్చింది. కొడుకు పోయిన రోజున కూడా అంతగా ఏడవలేదు. "వాడు పోయేటప్పుడు పక్క గదిలోనే ఉన్నానమ్మా. నాకు వినపడలేదు. నువ్వు నా ఎదురుగా నిలబడి చెబుతున్నావు. ఇది కూడా వినకపోతే నేనెందుకు?"

కోడలు హెల్మెట్ తీసి కింద పెట్టి, అత్తగారి పక్కన కూర్చుని, ఆమె భుజంలో ముఖం దాచుకుంది. మొగుడు పోయాక ఆ ఇంట్లో బయటికి ఏడవడం అదే మొదలు.

ఆ ఏడుపు కాస్త నెమ్మదించాక అత్తగారు మళ్ళీ రంపం అందుకుంది. సైకిలు కదిలిపోతోంది, బ్లేడు నిలవడం లేదు.

కోడలు కళ్ళు తుడుచుకుని, రెండు చేతులతో ఫ్రేముని గట్టిగా అదిమి పట్టింది.

"నేను పట్టుకుంటాను. కొయ్యండత్తయ్యా."