అవతలి కొస మనిషి

ఆదివారాలు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో కార్ఖానాలన్నీ మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో పక్కనున్న మనిషి మాట వినపడని చోట, ఆ ఒక్క రోజూ కాకి అరిచినా ఉలిక్కిపడతాం. సూర్యారావుకి ఆదివారాలే ఇష్టం. ఉద్యోగమంతా స్టీల్ ప్లాంటు ఎలక్ట్రికల్‌లో గడిపి రిటైరయ్యాక, ఇంట్లో కాలు నిలవక చిన్న చిన్న షెడ్లలో వైరింగు పనులు పట్టుకునేవాడు. కొడుకు గిరీష్ వెంట ఉండేవాడు. పోయిన వానాకాలం డెంగ్యూ వచ్చి గిరీష్ పోయాడు. ఆ తరవాత సూర్యారావు పనిముట్ల సంచీ ముట్టుకోలేదు.

ఇప్పుడు మళ్లీ ముట్టుకున్నాడంటే అది కూతురు రజని చలవే. ఐటీఐ చదివిన పిల్ల, మొండిఘటం. అన్నయ్య చేసిన పని నేను చేస్తానంటూ కూర్చుంది. క్యాంప్ 1 కాలనీలో ఇంటి గుమ్మం దాటుతుంటే తల్లి గౌరీదేవి అడ్డంగా నిలబడింది.

"ఒకడినిచ్చీసేను. ఇదొక్కర్తే మిగిలింది. ఎలా తీసికెల్తన్నావో అలాగే తెచ్చి నాకప్పజెప్పు," అంది మొగుడితో.

"అలాగేలే," అన్నాడు సూర్యారావు. పైకి తేలిగ్గా అనేసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

పని ఒక చిన్న ఫౌండ్రీలో. మూడు విడి ట్రాన్స్‌ఫార్మర్లను కలిపి త్రీఫేజు కరెంటు ఇవ్వాలి. ఒక్కదాని కొసలు తారుమారైనా కొంప మునుగుతుంది. అందుకే ఆఖరి ముడి వెయ్యకముందు లైను ఇప్పించి, ఇంకా కలపని చివరి రెండు కొసల మధ్య మీటరు పెట్టి చూశాడు. ముల్లు సున్నా దగ్గరే ఉంది, అంటే కొసలు సరిగ్గానే ఉన్నాయి. లైను తీయించి, ముడి బిగించాడు. కరెంటాఫీసు వాళ్లు మళ్లీ లైను ఇచ్చి, టీ తాగి వెళ్లిపోయారు.

ఇక మిగిలింది కొలిమికి గాలి ఊదే బ్లోయరు ఎటు తిరుగుతుందో చూడడం. త్రీఫేజు మోటారు దానికందే మూడు తీగల వరసను బట్టి తిరుగుతుంది. వెనక్కి తిరిగితే ఏ రెండు తీగలైనా మార్చి బిగిస్తే చాలు, సరిగ్గా తిరుగుతుంది. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు స్విచ్ దగ్గర, ఒకరు గోడ అవతల మోటారు దగ్గర. స్విచ్ మనిషి ఒక్క క్షణం వేసి తీసేస్తాడు. అవతలి కొస మనిషి తిరిగే షాఫ్టు చూసి, సరిగ్గా ఉంటే 'సీదా' అనో, వెనక్కి ఉంటే 'ఉల్టా' అనో కేకేస్తాడు. ఆ కేక వినకుండా ఇవతలివాడు చెయ్యి కదపకూడదు. ఫోన్లున్నాయి కదా అనొచ్చు మీరు. రేకుల షెడ్డులో సిగ్నల్ దాని ఇష్టం. సూర్యారావు మనిషి గొంతునే నమ్ముతాడు.

ఇన్నాళ్లూ అవతలి కొస గిరీష్‌ది. ఇవాళ అక్కడికి రజని వెళ్లింది.

ఇంకా సాయంత్రమైనా కాలేదు. కానీ మబ్బు కమ్మి షెడ్డులో చీకటి పడింది. తుప్పు వాసన, ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన, అచ్చులు పోసే తడి ఇసుక వాసన. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"వేస్తన్నానమ్మా!" అని కేకేసి స్విచ్ వేసి తీశాడు. గోడ అవతల మోటారు ఒక్కసారి మూలిగి ఆగింది.

"ఉల్టా!" అంది రజని గొంతు.

స్విచ్ తీసి ఉందని మరోసారి చూసుకుని, రెండు తీగలు మార్చి బిగించాడు. మళ్లీ వేసి తీశాడు. మూలుగు... నిశ్శబ్దం. చినుకుల చప్పుడు.

"ఉల్టా!"

సూర్యారావు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తీగలు మార్చాక ఉల్టా తిరగడానికి వీల్లేదు. అంతకన్నా... ఆ గొంతు మగగొంతు. జ్వరంతో బొంగురుపోయిన గొంతు.

చెవులు మోసం చేస్తున్నాయనుకున్నాడు. తీగలు మళ్లీ మార్చాడు. స్విచ్ వేసి తీశాడు.

"ఉల్టా... నాన్నా."

అప్పుడొచ్చింది ఆ వాసన. పచ్చి చేదు వాసన. బొప్పాయి ఆకు రసం. ఆఖరి రోజుల్లో ప్లేట్లెట్లు పెరుగుతాయని గౌరీదేవి నూరి నూరి పట్టిన రసం. ఫౌండ్రీలో బొప్పాయి చెట్టు ఎక్కడిది?

"గిరీషా?" అన్నాడు నెమ్మదిగా.

"ఆఁ... ఇంకోపాలి తిప్పు నాన్నా."

భయపడి పారిపోవాల్సిన చోట సూర్యారావుకి సంతోషం ముంచుకొచ్చింది. ఏం చేస్తాడు పాపం, కన్నవాడు. ఏడాదిగా ఆ గొంతు కోసం పక్కమీద చెవులు రిక్కించుకుని పడుకున్నవాడు. 'సీదా' అని వినపడితే పని అయిపోతుంది, సంచీ సర్దుకుని ఇంటికి పోవాలి. 'ఉల్టా' అన్నంతసేపూ కొడుకు అవతల ఉంటాడు. తీగలు మార్చాడు. తిప్పాడు. మళ్లీ మార్చాడు. కళ్లనీళ్లకు స్క్రూలు కనిపించడం లేదు, వేళ్లతో తడుముకుంటున్నాడు.

"ఉల్టా."

"ఒంట్లో ఎలాగుందిరా బాబూ?"

"జొరం తగ్గిపోనాది నాన్నా." గొంతు ఈసారి గోడకి ఇటుపక్క నుంచి వచ్చినట్టుంది. "సెల్లి సెయ్యి పట్టుకున్నాను. ఇంకోపాలి తిప్పు."

సూర్యారావు చెయ్యి స్విచ్ హ్యాండిల్ మీద ఉంది.

రజని గొంతు... ఎంతసేపైంది విని?

తిప్పాలనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది. ఇంకొక్కసారి, ఒక్కటే. అప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడిన గౌరీదేవి మొహం గుర్తొచ్చింది. హ్యాండిల్ వదిలేశాడు.

"సీదా అయిపోనాదిరా," అన్నాడు. "పని అయిపోనాది. సెల్లిని వదిలెయ్."

"మరి నాను?"

సూర్యారావు ఫ్యూజులు పీకి పారేసి, గోడ చుట్టూ పరుగెత్తాడు.

బ్లోయరు పక్కన పెట్టె మీద కూర్చుని ఉంది రజని. ఒక్కతే.

"అరే నాన్నా, కబ్ సే, ఎప్పట్నించో అరుస్తున్నాను! మొదటిసారే సీదా అన్నాను కదా. మళ్లీ ఉల్టా తిప్పావు, మళ్లీ సీదా, మళ్లీ ఉల్టా... ఏటి చేస్తన్నావక్కడ?"

మొదటిసారే... అంటే రజని గొంతుతో వినపడిన ఆ మొదటి 'ఉల్టా' కూడా రజనిది కాదు. సూర్యారావు పిల్లని తేరిపార చూశాడు. మొహం బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం ఎడమచేత్తో రుద్దుకుంటోంది.

"చేతికేటయింది?"

"ఏటీ లేదు. తిమ్మిరి."

వానలో తడుస్తూ స్కూటరు మీద ఇల్లు చేరారు. గౌరీదేవి గుమ్మంలోనే ఉంది. పిల్లని చూడగానే ఆవిడ మొహం తేటపడింది. తువ్వాలు తెచ్చి తల తుడుస్తూ, చెయ్యి పట్టుకుని లోపలికి లాగబోయి ఆగిపోయింది.

నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. ఎడమచెయ్యి చల్లగా ఉంది. కుడిచెయ్యి, మణికట్టు దాకా, పెనంలా కాలిపోతోంది.

సూర్యారావు ఇంకా ఒక్క ముక్క చెప్పలేదు. గౌరీదేవి అడగనూ లేదు. ఆస్పత్రిలో అన్ని రాత్రులూ ఆవిడ పట్టుకుని కూర్చున్న వేడి అది, ఆవిడకి ఒకరు చెప్పాలా? గచ్చు మీద కూలబడి, ఆ చేతిని చెంపకి ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. ఏడాది తరవాత ఆవిడ పెదాల మీద నవ్వులాంటిదేదో కదిలింది.

"వచ్చీసేవా నా బాబు," అంది గుసగుసగా.

"అమ్మా, వదులు. మండుతోంది," అంది రజని.

సూర్యారావు ముందుకొచ్చి భార్య వేళ్లు విడదీయబోయాడు. విడిపోలేదు.

"మంట మోచేతి దాకా వచ్చిందమ్మా... వదులు..."

గౌరీదేవి ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.