ఎజెండాలో ఏడో అంశం

"ఇది మూడో అర్జీ అండీ. మురుగుకాలువ మీద మూత అడిగాను, మేడ కాదు," అన్నాడు కళ్ళజోళ్ళ షాపతను.

మున్సిపల్ ఆఫీసులో కౌన్సిల్ మినిట్స్ రాసే అమ్మాయి ఆ అర్జీని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదివింది.

"వార్డు నంబరు లేదు."

"చివరి లైన్లో ఉంది. మీ చెయ్యి ఇంకో జానెడు పొడుగుంటే కనపడేది. షాపుకు రండి, కళ్ళు పరీక్ష చేస్తాను."

"ముందు మీ నోటికి మూత వేయించుకోండి. కాలువ సంగతి తరువాత చూద్దాం."

వెనక టైపిస్టు పకపకా నవ్వింది.

ఆ శనివారమే ఆమె షాపుకు వెళ్ళింది, కళ్ళ కోసమేనని తనకు తాను నచ్చజెప్పుకుంటూ. వెళ్ళీ వెళ్ళగానే వాన. కాలువ పొంగి మెట్టు దాకా వచ్చింది. గంటన్నర ఆమె బయటికి కదల్లేకపోయింది. అతను సన్న అక్షరాల కార్డు చేతికిచ్చాడు.

"కార్డు చూడండి. నా మొహం మీద అక్షరాల్లేవు."

"దగ్గరివి కనిపించవనేగా వచ్చింది! దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తున్నాయి."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అతని తల్లి చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఆర్నెల్లు తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. తల్లి ఆమెకు 'మున్సిపాలిటీ' అని పేరు పెట్టింది. "ఒరేయ్, మున్సిపాలిటీ వచ్చింది, కుర్చీ తుడువు!" అనేది. పెళ్ళి మాట కూడా నడిచింది.

ఇంతలో ఒక సోమవారం, రాబోయే సమావేశం ఎజెండా ఆమె బల్ల మీదికి వచ్చింది. ఏడో అంశం ఆమె రెండుసార్లు చదివింది. మార్కెట్ రోడ్డు వెడల్పు, ఎడమ పక్క పదకొండు షాపుల తొలగింపు. అతనిది నాలుగోది.

"మీటింగ్ దాకా బయటికి పొక్కకూడదు," అన్నారు కమిషనర్. "పొక్కితే నువ్వే చెప్పావనుకుంటాను."

సాయంత్రం అతను ఉత్సాహంగా ఎదురొచ్చాడు. "పెళ్ళిలోపు షాపుకు రంగు వేయిస్తున్నా. తెలుపా, నీలమా?"

ఈ కౌన్సిలర్లు వీధి దీపం మీద కూడా కొట్లాడుకుంటారు, ఇదెలాగూ వాయిదా పడుతుందనుకుంది.

"నీలం," అంది.

సమావేశం రోజున కుక్కల బెడద మీద నలభై నిమిషాలు అరుచుకున్నారు. ఏడో అంశానికి రెండు నిమిషాలు పట్టింది. చేతులన్నీ లేచాయి. తన అర్జీ కూడా ఆరోజే వస్తుందని తెలిసి వెనక బెంచీలో కూర్చున్న అతని గోళ్ళకు ఇంకా నీలం రంగుంది. అతను చైర్మన్ వైపు చూడలేదు. తలొంచుకుని రాస్తున్న ఆమె వైపే చూశాడు.

మెట్ల దగ్గర ఆపాడు. "ఎప్పటి నుంచి తెలుసు?"

"పదహారు రోజులు."

"అంటే రంగు చెప్పినప్పుడు తెలుసు."

"వాయిదా పడుతుందనుకున్నా. ఉద్యోగం పోతుందని భయపడ్డా."

"ఒక్క ముక్క చెప్తే నోరు కుట్టేసుకునేవాణ్ణి. మీరు నన్ను నమ్మలేదు మేడమ్."

ఆ 'మీరు' చెంపదెబ్బలా తగిలింది.

తరువాత ఫోన్లు ఎత్తలేదు. నెల తిరక్కముందే షాపులు ఖాళీ చేయమన్నారు. ఆ ఉదయం ఆమె వెళ్ళేసరికి అతను అద్దాల బీరువాను వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. పక్క షాపుల వాళ్ళంతా చూస్తుండగానే అడిగింది.

"తప్పు నాదే. తిట్టు, కొట్టు. పెళ్ళి మాత్రం మానకు."

అతను బీరువా దించి చెమట తుడుచుకున్నాడు.

"నీ మీద కోపం పోతుంది. అది నాకూ తెలుసు," అన్నాడు. చాలా రోజులకు 'నీ' అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "కానీ ఇకమీదట నువ్వు మాట్లాడకుండా కూర్చున్నప్పుడల్లా, ఏం దాస్తోందో అనుకుంటాను. నీ మొహం చూసి మురిసిపోవాల్సినవాణ్ణి, వెతుక్కుంటూ కూర్చుంటాను. అలా నేను బతకలేను. నిన్నూ బతకనివ్వను."

తల్లి వచ్చి ఆమె చెంపలు తుడిచింది. "నా వరకు నువ్వే నా కోడలివి తల్లీ. కానీ కాపురం చేయాల్సింది వాడు. నేనేం చెయ్యను?"

వ్యాను మలుపు తిరిగింది. ఆమె టైము చూసుకుంది. రెండింటికల్లా ఆఫీసులో ఉండాలి. సగం రోజే సెలవు పెట్టింది, అతను సరేనంటే ఫోన్ చేసి మిగతా సగం అడుగుదామనుకుని.