కనకమామిడిలో దొంగ ఓటు

మొయినాబాద్ దాటాక సుధాకర్ కారును ఓ లారీ గుద్దింది. జనం పరుగెత్తుకొచ్చేలోపు వెనక్కి వచ్చి మళ్లీ గుద్దింది.

"యాక్సిడెంట్ రెండుసార్లు జరగదు, జయరాజ్," అంది ఇంటెలిజెన్స్ చీఫ్ ప్రగతి. "కంపెనీలు నీళ్లను, గాలిని, కూలీలను ఎలా చూసుకోవాలో చెప్పే నిబంధనలు మన దేశం రాసుకుంటోంది. చనిపోయిన సుధాకర్ ఆ కమిటీలో మనవైపు మెంబర్. కంపెనీలకు రేటింగ్ ఇచ్చే అధికారం తమ ఏజెన్సీకే రాసివ్వాలని ఓ విదేశీ పెట్టుబడి ఫండ్ల ముఠా పట్టు. వాళ్లు రేటింగ్ తగ్గిస్తే ఆ కంపెనీకి ఎక్కడా అప్పు పుట్టదు. ఇక్కడ ఏ ఫ్యాక్టరీ బతకాలో వాళ్లే తేలుస్తారు."

"ఓట్లు?"

"ఇప్పుడు సమానం. ఛైర్మన్ శ్రీశైలం ఓటే కీలకం. ఆయన మనవైపే. కానీ కనకమామిడి ఫామ్‌హౌస్‌లో ఉండి ఫోన్ ఎత్తడం లేదు. మధ్యాహ్నం ఆన్‌లైన్ ఓటింగ్. ఫంక్షన్ ఉందని చెప్పి ముఠా అక్కడ పూలు కట్టిస్తోంది. లోపల మన మనిషి ఉంది. గులాబీల గురించి అడుగుతుంది."

ఏజెంట్ జయరాజ్‌ది చేవెళ్ల దగ్గరి ఆలూరు. పూల డెకరేషన్ వాళ్ల యాస అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తలకు తువ్వాలు చుట్టి, పూలబుట్టతో గేటు దాటాడు.

వరండాలో నల్లచీరలో మెరిసిపోతూ ఎదురైంది సింధుజ. ముఠాకు లీగల్ కన్సల్టెంట్.

"గులాబీలు ఎక్కడియి?"

"చేవెళ్లయి మేడమ్. ముండ్లు తియ్యలే."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "శ్రీశైలం సార్‌కు మత్తు సూది ఇచ్చి పై గదిల పండవెట్టిన్రు. హాల్ల ల్యాప్‌టాప్ ముందట వాళ్ల మనిషి కూసున్నడు. స్క్రీన్ మీద సార్ మొఖం, సార్ గొంతే వస్తది. డీప్‌ఫేక్."

"కరెంట్ తీసేస్తె?"

"ఇంకో తాన నుంచి కలుస్తరు. అందరి ముందట పట్టియ్యాలె." లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పెన్‌డ్రైవ్. "ఇది గుచ్చితె ఆ దొంగ మొఖం ఊడుతది."

జయరాజ్ దాన్ని అందుకుంటూ ఆగాడు. "మా వాగు నురుగు కక్కుతున్నది. వాళ్ల రూల్స్ మనకన్న గట్టియట గద. వాళ్లు రాస్తె తప్పేంది?"

"రేపు వాళ్లకు లాభం లేకుంటె మార్చేస్తరన్నా. అప్పుడు ఎవర్ని నిలదీస్తవ్? మన సర్కారునైతే ఓటుతోనన్నా దించుతం."

హాల్లో టేబుల్ చుట్టూ పూలు కడుతూ జయరాజ్ ల్యాప్‌టాప్ వెనక్కి చేరాడు. గార్డుకు అనుమానం వచ్చింది. పిస్టల్ తీశాడు. సింధుజ అడ్డంగా నిలబడింది.

"ఛైర్మన్ గారూ, మీ ఓటు?" స్పీకర్‌లో సెక్రటరీ గొంతు.

"నా ఓటు..." అంది స్క్రీన్ మీది శ్రీశైలం ముఖం.

పిస్టల్ సైలెన్సర్ దగ్గింది, సింధుజ కూలిపోయింది. అదే క్షణంలో జయరాజ్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. స్క్రీన్ మీద శ్రీశైలం ముఖం కరిగి, నోరు తెరిచిన ఓ తెల్లవాడు మిగిలాడు. కమిటీ అంతా చూసింది. జయరాజ్ పూలు కత్తిరించే కత్తెర గార్డు మణికట్టులో దిగింది. బయట కాచుకున్న ప్రగతి కమాండోలు తలుపులు బద్దలుకొట్టారు.

"పడ్డదా... ఓటు?" నేలమీంచి అడిగింది సింధుజ.

"దొంగ ఓటు పడలే చెల్లె. దవాఖానకు పోదాం, జర ఓర్చుకో."

చేవెళ్ల చేరేసరికి ఆమె చెయ్యి అతని చేతిలో చల్లబడింది. అసలు పేరేమిటో కూడా అతనికి తెలియదు.

కమిటీ ఓటింగ్‌ను సాయంత్రానికి జరిపింది, మత్తు దిగిన శ్రీశైలం అసలు ఓటు వేశాడు. ముఠా ప్రతిపాదన వీగిపోయింది. దవాఖాన మెట్లమీద కూర్చుని జయరాజ్ ఫోన్‌లో వార్త చదివాడు. మన నిబంధనలు మనమే రాసుకునే హక్కు దక్కింది. రాయడం మాత్రం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.