వాసన లేని గ్యాస్

పొద్దున అన్నం దగ్గరే గొడవ మొదలైంది, మొలకల కూర మీద. రాత్రి ఉక్కకు పాడైంది, పారేస్తానంది మల్సుక్. ఆమె భర్త గిచల్ గిన్నె తన వైపు లాక్కుని తినసాగాడు.

"కంపు కొడుతోందండీ."

"నీకు అన్నీ కంపే. శుభ్రంగా ఉంది కూర."

కూతురు యున్చే నవ్వి, రోజూ నడిచే వాదంలోకి మాట మళ్ళించింది. గిచల్ కొరియాలోని ఉల్సాన్‌లో సొంత టాక్సీ నడుపుతాడు. ఏళ్ల తరబడి కంపెనీ టాక్సీ ప్రమాదం లేకుండా నడిపి సంపాదించుకున్న పర్మిట్ అది. ఎల్పీజీ బండి, ముసలిదైంది. ఈసారి హైడ్రోజన్‌ది కొనమంటుంది, హైడ్రోజన్ నింపే బంకులో పనిచేసే యున్చే. ఎల్పీజీ కారితే గాలికన్నా బరువు కనుక కిందే పేరుకుంటుందనీ, బస్సుల సీఎన్జీ పైకి పోతుందనీ, హైడ్రోజన్ ఇంకా త్వరగా ఎగిరిపోతుందనీ చెప్పింది. బంకుల దగ్గర క్యూలు మాత్రం తప్పవని ఒప్పుకుంది.

గిచల్‌కి ఇవేవీ పట్టలేదు. ఎల్పీజీలో వాసన కలుపుతారు, కారితే ముక్కు చెబుతుంది. రోజూ డిక్కీ తెరిచి సిలిండర్ దగ్గర ముక్కు పెట్టి చూడందే అతను బండి తీయడు.

"నీ హైడ్రోజన్‌కి వాసనే లేదు. చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలాంటిది. ఎలా నమ్మను?"

"బండిలో సెన్సర్ ఉంటుంది నాన్నా. కారితే మోగి, వాల్వు మూసేస్తుంది."

"నా ముక్కు ముందు అదెంత!"

బంకు దగ్గర దింపమని ఆమె అతని వెంట పార్కింగ్‌లోకి దిగింది. గిచల్ డిక్కీ తెరిచి, వంగి గాలి పీల్చి, అంతా బాగుందన్నట్టు తలాడించాడు. యున్చే చప్పున చొక్కా చేతిని ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నాన్నా, ఈ వాసన ఎప్పటినుంచి వస్తోంది?"

"ఏ వాసన?"

ఆమె చెయ్యి చాచి సిలిండర్ వాల్వు తిప్పి కట్టేసింది. గిచల్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. చలికాలం జ్వరం తగ్గాక ముక్కుకి వాసన తెలియడం పోయిందనీ, తిరిగొస్తుందని ఎదురుచూశాననీ నెమ్మదిగా చెప్పాడు.

"మీ అమ్మకి చెప్పకు. ఇద్దరూ కలిసి నన్ను ఇంట్లో కూర్చోబెడతారు."

"వెనక సీట్లో కూర్చునేవాళ్ల సంగతేంటి నాన్నా?"

అతను డిక్కీ మూసి, బండి అక్కడే వదిలి లిఫ్టు వైపు నడిచాడు.

సాయంత్రానికి యున్చే తల్లికి చెప్పేసింది. భోజనాల దగ్గర మల్సుక్ చేప ముక్కకు ముళ్లు తీసి భర్త అన్నం మీద పెట్టింది. గిచల్ చెంచా కింద పెట్టాడు.

"నిన్న ఒకావిడ పసిబిడ్డతో సగం దారిలో దిగిపోయింది. గ్యాస్ కంపంది. డబ్బు ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నావని అరిచాను."

అతను కూతురి వైపు తిరిగాడు.

"రేపు మెకానిక్ వచ్చి ఆ బండి తీసుకెళ్తాడు. నువ్వు ఆ సెన్సర్ ఉండే హైడ్రోజన్ బండికి నా పేరు రాయించు. అది వచ్చేదాకా నేను టాక్సీ తీయను."

మల్సుక్ కళ్లు తుడుచుకుని, ఎన్ని నెలలు పడుతుందని యున్చేని అడిగింది. ఆమె చెప్పలేనంది.

"ఎన్నయినా పట్టనీ," అన్నాడు గిచల్.