తూనీగ ఇచ్చిన తీర్పు

లైబ్రరీ పీరియడు సగంలో ఉండగా టీచరు తన సంచిలోంచి సన్నని బూడిదరంగు పలకలాంటిది ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. క్లాసంతా ఒక్కసారిగా లేచి నిలబడింది.

"కూర్చోండి, కూర్చోండి! అదేమీ ఎగిరిపోదు," అన్నారు టీచరు. "దీన్ని ఈ-బుక్ రీడర్ అంటారు. ఇందులో వెయ్యి పుస్తకాలు పడతాయి."

"ఆటలుంటాయా మేడం?" వెనక బెంచీ నుంచి పొడుగు అడిగాడు. వాడి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ వినబడదు.

"ఉండవు. చదువుకోవడమే."

సగం క్లాసు నిట్టూర్చి కూర్చుంది.

టీచరు అసలు సంగతి చెప్పారు. ఎప్పుడో ఈ బడిలోనే చదువుకున్న ఒకాయన దీన్ని పంపించాడు. కావాలంటే ఇలాంటివి పది ఇస్తాడట. వద్దంటే వాటి బదులు ఒక బీరువా నిండా కొత్త పుస్తకాలు కొనిస్తాడట. ఏది కావాలో బడివాళ్ళే చెప్పాలి.

"చదివేది మీరైతే నేనొక్కదాన్నే తేల్చడం ఏం బావుంటుంది? మీలో ఒకరు దీన్ని శుక్రవారం దాకా వాడి చూడండి. చూసి రిపోర్టు రాయండి. దాన్నిబట్టే నేను జవాబిస్తాను."

చేతులన్నీ పైకి లేచాయి. టీచరు చూపు రెండో బెంచీ దగ్గర ఆగింది. అక్కడ ఒకమ్మాయి రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. పదకొండేళ్ళది. కుదురుగా ఒకచోట కూర్చోదని అందరూ ఆ పిల్లని తూనీగ అంటారు. టీచర్లు కూడా అంతే.

"నువ్వు తీసుకో తూనీగా. పుస్తకం లోపలా బయటా కూడా తెలిసినదానివి."

ఆ మాట నిజమే. తూనీగ వాళ్ళ నాన్న బుక్ బైండరు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ ఏటా ఆయన కొట్టుకి వెళ్ళి, కొత్త అట్టలతో తిరిగి వస్తాయి. వాటిని కుట్టేది వాళ్ళమ్మ. "మన లైబ్రరీ బీరువాలో సగం పుస్తకాలు మావే" అని తూనీగ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఆ పిల్ల కాలు నేల మీద నిలవలేదు. బడి మొత్తం తన ఒక్క మాట కోసం ఎదురు చూస్తోంది మరి!

పొడుగు పరిగెత్తుకొచ్చి పక్కన నడిచాడు. "నువ్వేం రాస్తావో నాకిప్పుడే తెలుసు. వద్దంటావు."

"ఎందుకంటాను?"

"ఇవి వస్తే పుస్తకాలు చిరగవు. చిరక్కపోతే మీ నాన్నకి పనుండదు కదా!"

వాడు ఎగతాళికేమీ అనలేదు. తోచిందే అన్నాడు. అయినా తూనీగకి చురుక్కుమంది.

"నేనలాంటిదాన్ని కాదు. న్యాయంగానే రాస్తాను," అంది.

అంది కానీ, ఇంటి గుమ్మం ఎక్కేసరికి మనసులో తీర్పు ఇచ్చేసింది. వద్దు. వద్దంటే వద్దు.

ఇంటి ముందుగదే వాళ్ళ కొట్టు. ఒకవైపు పొడవాటి బల్ల, దాని మీద అట్టలు, జిగురు గిన్నె. కిటికీ పక్కన అమ్మ కుట్టే చోటు. ఇంకో కిటికీ పక్కన తాతయ్య కుర్చీ. తాతయ్య ఒకప్పుడు ప్రెస్సులో కంపోజిటరు. సీసంతో చేసిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి పేజీలు తయారు చేసేవాడు. ఇప్పుడు చూపు బాగా తగ్గింది. రెండేళ్ళుగా ఒక్క పుస్తకం కూడా చదవలేదు. "చదివినవన్నీ చాల్లే" అంటాడు కానీ, ఎవరైనా పేజీ తిప్పిన చప్పుడు వినబడితే తల అటు తిప్పుతాడు.

ఆ కొట్టులో తూనీగకీ ఒక ఉద్యోగం ఉంది. పాత పుస్తకాన్ని నాన్న విప్పినప్పుడు అది పదహారేసి పేజీల మడతలుగా విడిపోతుంది. ఒక్కో మడతని ఫారం అంటారు. ఫారాలన్నీ ఉన్నాయా, వరసలో ఉన్నాయా అని పేజీల నంబర్లు చూసి చెప్పాలి. తూనీగ 'చూశాను' అన్నాకే అమ్మ సూదికి దారం ఎక్కిస్తుంది.

"మన కొట్టులోంచి పేజీ తప్పిన పుస్తకం ఒక్కటీ బయటికి పోలేదు," అని నాన్న వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్తాడు. "మా సూపరింటెండెంటు చూడనిదే మేం కుట్టం!"

ఆ సాయంత్రం సూపరింటెండెంటుగారి ముందు లైబ్రరీవాళ్ళ జంతువుల పుస్తకం ఉంది. ఫారాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కానీ తూనీగ బుర్ర నిండా రిపోర్టే. పైనున్న కొన్ని ఫారాలు తిరగేసింది. తర్వాత చేతిలో ఉన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తెల్లకాగితం వేసుకుని రాయడం మొదలెట్టింది.

'కాగితం పుస్తకానికి వాసన ఉంటుంది, దీనికి లేదు. కాగితం పుస్తకానికి చార్జింగ్ అక్కర్లేదు. కింద పడితే పగలదు. కాబట్టి ఈ-బుక్ రీడర్ దండగ.'

అసలు రీడర్ మాత్రం ఇంకా బ్యాగులోనే ఉంది. దాన్ని ఒక్కసారి తెరిచింది కూడా లేదు.

"చూశావా అమ్మలూ?" అమ్మ అడిగింది.

"ఆఁ, చూశాను," అంది తూనీగ తల ఎత్తకుండా.

అమ్మ కుట్టేసింది. నాన్న జిగురు పెట్టి బరువు కింద ఉంచాడు. తూనీగ తన రిపోర్టుని, దాని కింద ఉన్నదాన్ని కలిపి బ్యాగులో పెట్టేసుకుంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నాన్న ఆ పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తొంభై ఆరో పేజీ తర్వాత నూట పదమూడో పేజీ వచ్చిందేమ్మా? పులి తర్వాత సరాసరి ఒంటె. మధ్యలో ఏనుగు ఉండాలి. ఏమైపోయింది?"

తూనీగ మెల్లగా బ్యాగు తెరిచింది. రిపోర్టు బయటికి తీసింది. దాని వెనకాలే, కాస్త నలిగి, ఏనుగు కూడా బయటికొచ్చింది.

నాన్న కేకలేస్తే బావుండేదనిపించింది. ఆయన కేకలెయ్యలేదు. ఫారం నలిగినచోట వేలితో సాపు చేస్తూ ఉండిపోయాడు. తేలు కుట్టిన దొంగలా తూనీగ తల దించుకుంది. తర్వాత మాట్లాడింది, అదీ తప్పు మాటే.

"ఇదంతా ఆ రీడర్ వల్ల నాన్నా! దాని గురించి రాస్తూ మర్చిపోయాను."

"దానిదా తప్పు? ఏదీ, ఏం రాశావో చదువు."

తూనీగ చదివింది. కిటికీ దగ్గర తాతయ్య నవ్వాడు. "వాసన లేదంటున్నావు. వాసన చూశావా?"

"...లేదు తాతయ్యా."

"పోనీ తెరిచి ఒక పేజీ అయినా చదివావా?"

"లేదు."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ రిపోర్టు!"

అమ్మ కూడా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. "అయితే ఫారాలూ, రీడరూ రెండూ చూడకుండానే చెప్పావన్నమాట," అన్నాడు నెమ్మదిగా. అంతే. చిన్న చాకు తీసుకుని, ఎండిన జిగురుని గీరి, అమ్మ కుట్టిన కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలెట్టాడు. ప్రతి దారం టప్పుమని తెగుతుంటే తూనీగకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఫారాలన్నీ మళ్ళీ ఆ పిల్ల ముందుకే వచ్చాయి. నాన్న ఇంకెవరికీ ఇవ్వలేదు. ఈసారి తూనీగ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఇంట్లో అందరికీ వినబడేలా పైకి లెక్కపెట్టింది. ఏనుగు పులికీ ఒంటెకీ మధ్య కూర్చుంది. ఆ తర్వాతే అమ్మ చేతికిచ్చింది.

అప్పుడు రీడర్ తెరిచింది.

బుధవారం అంతా దానితోనే గడిపింది. అనుకోకుండా ఒక నవ్వొచ్చే కథ దొరికి, అన్నం ముందు కూర్చుని కూడా చదివింది. తెలియని మాట మీద వేలు పెడితే అర్థం వస్తోంది. బాగానే ఉంది! కానీ బొమ్మల పుస్తకం తెరిస్తే చిలక బూడిదరంగులో వచ్చింది. తూనీగ రెండూ రాసుకుంది.

అక్షరాలు పెద్దవి చేసే గుర్తు కనబడితే నొక్కి చూసింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి. తర్వాత చెంగున లేచి తాతయ్య దగ్గరికి పరిగెత్తింది.

"తాతయ్యా, ఇది కనబడుతోందా?"

తాతయ్య దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. దూరంగా పెట్టాడు. పెదవులు కదిలాయి. ఒక వాక్యం చదివాడు. ఇంకో వాక్యం చదివాడు.

"అక్షరం పెంచావా?"

"ఆఁ, నాలుగుసార్లు నొక్కాను."

"నాలుగు నొక్కులా!" తాతయ్య నోరెళ్ళబెట్టాడు. "ఒక పుస్తకానికి అక్షరం సైజు మార్చాలంటే మేం నలుగురం నెలరోజులు కూర్చునేవాళ్ళమే!" తర్వాత వేలితో ఒక అక్షరాన్ని తడిమాడు. "ఈ తలకట్టు ఇంకాస్త గుండ్రంగా ఉండాల్సింది. మేమైతే ఇలా వదిలేవాళ్ళం కాదు."

అలా తప్పులు పడుతూనే పదిహేను పేజీలు చదివాడు. అమ్మ కుట్టు ఆపి ఆయన్నే చూస్తూ కూర్చుంది. రెండేళ్ళ తర్వాత ఆయన చదవడం చూస్తే అందరికీ సంతోషంగా ఉంది, కాస్త ఏడుపు కూడా వచ్చింది.

తూనీగకి మాత్రం కొత్త చిక్కు వచ్చి పడింది. గురువారం సాయంత్రం గోడ మీద పిల్లిలా అటూ ఇటూ ఊగి, చివరికి నాన్ననే అడిగేసింది.

"నాన్నా, బడికి ఇవి పది వస్తే నీకు పని తగ్గుతుందా?"

నాన్న జిగురు కుంచె పక్కన పెట్టాడు. "కొంచెం తగ్గొచ్చు," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడు.

"అయితే బాగుందని ఎలా రాయను?"

"నా పని కాపాడ్డానికి ఒక పేజీ దాచేస్తావా ఏంటి?"

తూనీగకి బ్యాగులో నలిగిన ఏనుగు గుర్తొచ్చింది. తల అడ్డంగా ఊపింది.

"అదీ!" అన్నాడు నాన్న. రీడర్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అవునుగానీ, దీనికి అట్ట ఏదే? పాపం, చొక్కా లేకుండా తిరుగుతోంది!"

గంటలో దానికి కొలతలు తీసి, మిగిలిన నీలం గుడ్డతో గట్టి అట్ట ఒకటి చేసిపెట్టాడు. మూస్తే అచ్చం పుస్తకమే. తూనీగ ఆ రాత్రి రిపోర్టు మళ్ళీ మొదటి నుంచి రాసింది.

శుక్రవారం తూనీగ క్లాసు ముందు నిలబడింది. కాగితం విప్పి చదివింది.

"ముందుగా మీకో మాట చెప్పాలి. మా నాన్న మన లైబ్రరీ పుస్తకాలకి బైండింగ్ చేస్తారు. ఇవి వస్తే ఆయనకి పని తగ్గొచ్చు. అందుకని నేను మొదట దీన్ని తెరవకుండానే దండగ అని రాశాను. అది తప్పు. ఆ రిపోర్టు చించేశాను. ఇది చూసి రాసినది."

వెనక బెంచీలో పొడుగు మెడ సాచి చూశాడు. తూనీగ చదువుతూ పోయింది.

"బొమ్మలకి ఇది పనికిరాదు. చిలక కూడా కాకిలా ఉంటుంది. దీన్ని ఒకసారి ఒక్కరే చదవగలరు. జంతువుల పుస్తకమైతే బెంచీ అంతా మీద పడి చూస్తాం. కానీ అక్షరాలు కనబడనివాళ్ళకి దీన్ని మించినది లేదు. మా తాతయ్య రెండేళ్ళ తర్వాత చదివారు. మన ముందు బెంచీ అమ్మాయి పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతుంది. నిన్న తనకిచ్చి చూశాను. నిటారుగా కూర్చుని చదివింది. అందుకని పది వద్దు మేడం. మూడు అడగండి. మిగిలినదానికి పుస్తకాలు అడగండి."

"పంపినాయన రెండిట్లో ఒకటే అన్నారు కదమ్మా?" అన్నారు టీచరు.

"అడిగి చూడండి మేడం. అడిగితే పోయేదేముంది?"

క్లాసంతా నవ్వింది. ముందు బెంచీ అమ్మాయి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత వెనక నుంచి పొడుగు కొట్టిన చప్పట్లు అందరివాటికంటే గట్టిగా వినబడ్డాయి.

టీచరు రిపోర్టు తీసుకుని ఇంకోసారి చదివారు. నీలం అట్టని తెరిచి మూసి చూశారు. "ఆయనకి ఈ రిపోర్టే పంపిస్తాను. దీనికి కాపీ తీసుకుని అసలుది నీకిస్తాను. మీ నాన్నతో అట్ట వేయించుకురా. ఇది మన లైబ్రరీలో ఉండాలి. శనివారాలు మీ తాతయ్యని కూడా తీసుకురా, ఈ రీడర్ ఇక్కడే ఉంటుంది."

ఆ సాయంత్రం నాన్న రిపోర్టు నిలబడే చదివాడు. తన పని గురించి రాసినచోట ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివాడు. "నా కూతురు రాసింది," అన్నాడు, పక్కన ఉన్నది ఇంట్లోవాళ్ళే అయినా, వాళ్ళకి తెలియనట్టు. తర్వాత పై అరలో దాచిన ఎర్రటి గుడ్డ దించాడు. మామూలు పుస్తకాలకి ఆయన దాన్ని ముట్టనివ్వడు.

అమ్మ సూదికి దారం ఎక్కించింది.

"ఆగమ్మా!" అని తూనీగ కాగితం లాక్కుంది.

"అది ఒక్క మడతే కదే, ఏం తప్పిపోతుంది!" అమ్మ నవ్వింది.

తూనీగ నవ్వలేదు. కుదురుగా కూర్చుని ఒక్కో పేజీ మీదా వేలు పెట్టి పైకి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ మొదటికి తిప్పి, ఇంకోసారి లెక్కపెట్టింది.

"చూశాను," అంది. "ఇప్పుడు కుట్టు."